డాలస్‌లో 9, విశాఖలో .32: పెద్ద పిస్టల్‌కు ఏ తూటా?

ప్రశ్న: మాది కూర్మన్నపాలెం. ఉక్కు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. నా వయసు 63. మా నాన్నగారి 12 బోరు తుపాకి నా పేరుకు మారింది. అది కాక, నర్సీపట్నం దగ్గరున్న మా జీడితోటకు కూలి డబ్బులు పట్టుకెళ్లే రోజుల్లో కొన్న .32 రివాల్వర్ ఒకటుంది. నిరుడు డాలస్‌లో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలున్నాం. అక్కడి ఫైరింగ్ రేంజిలో 9 ఎంఎం, .40, .45 పిస్టళ్లు మూడూ కాల్చి చూశాను. నా రివాల్వర్ కంటే ఆ పెద్ద పిస్టళ్లే చేతిలో నిలకడగా ఉన్నాయి. రివాల్వర్ అమ్మేసి నిండు సైజు సెమీ ఆటోమేటిక్ పిస్టల్ కొనుక్కోవాలనుకుంటున్నాను. ఏ తూటా వాడేది తీసుకోమంటారు? మా అబ్బాయి కూడా అక్కడ ఒకటి కొంటాడట. తను 9 ఎంఎం అంటున్నాడు, వాడి స్నేహితుడు.45 తప్ప వేరేది తుపాకే కాదంటున్నాడు. ఇక్కడ తెలిసినాయన ఒకరు నాకూ 9 ఎంఎం 'ఏర్పాటు' చేస్తానంటున్నారు. రివాల్వర్ తూటాలు నలభై మిగిలాయి, అవి కొత్తదానికి పనికొస్తాయా? — ఒక విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం.

సమాధానం: మీరు చివర్లో, పోనీ అడిగి చూద్దామన్నట్టు రాసిన ప్రశ్ననే ముందుగా అందుకుంటాను, ఎందుకంటే ప్రమాదం దానిలోనే ఉంది. మీ నలభై తూటాలు కొత్త పిస్టల్‌కు పనికిరావు. రివాల్వర్ తూటా, ఇక్కడ మీకు దొరికే పిస్టల్ తూటా రెండింటి మీదా .32 (అంగుళాల్లో కొలత) అనే రాసి ఉంటుంది, రెండింటినీ 7.65 మిల్లీమీటర్లనే అంటారు, అయినా అవి ఒకటి కావు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ రివాల్వర్ వాడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పిస్టల్ వాడేది.32 ఏసీపీ. మీ డబ్బాలో నుంచి ఒక తూటా తీసి అడుగు అంచు మీద గోటితో పైకి గీరి చూడండి. చుట్టూ పళ్లెం అంచులా పొడుచుకొచ్చిన భాగానికి గోరు గట్టిగా తగులుతుంది. రివాల్వర్ చక్రంలోని గదిలోకి తూటా జారిపోకుండా పట్టి ఉంచేది ఆ అంచే. దాని ఇత్తడి గొట్టం పొడవు సుమారు 23 మిల్లీమీటర్లు. పిస్టల్ తూటా గొట్టం 17 మిల్లీమీటర్లే, అంచు కూడా గోటికి తగిలీ తగలనట్టు ఉంటుంది. డబ్బా మీద బొమ్మ, తూటా అడుగున పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీ గుర్తయిన 'కేఎఫ్' అచ్చు ఒకేలా కనిపించి మోసం చేస్తాయి కాబట్టి, షాపులో ".32 ఒక డబ్బా ఇవ్వండి" అనే అలవాటు మానుకుని ".32 పిస్టల్ తూటాలు" అని విడమరిచి అడగండి, డబ్బా తెరిచి ఒకటి చేతిలోకి తీసుకుని చూశాకే డబ్బులివ్వండి. రివాల్వర్ మీ లైసెన్సులోంచి కొట్టేసిన రోజు నుంచి ఆ నలభై తూటాలకు మీ ఇంట్లో ఉండే హక్కు పోతుంది. రివాల్వర్‌తో పాటే వాటినీ లెక్కకు ఎక్కించి అప్పగించేయండి.

ఇక ఆ 'ఏర్పాటు' చేసే పెద్దమనిషి సంగతి. మన దేశంలో తూటాను ముందుగా ఎంచేది కొనేవాడు కాదు, చట్టం. 1959 నాటి ఆయుధ చట్టం కింద వచ్చిన నిబంధనల జాబితాలో, సర్వీసు 9 ఎంఎం తూటాను గాని, అంచు లేని .45 తూటాను గాని కాల్చగల పిస్టళ్లు నిషేధిత బోరు కింద ఉన్నాయి. సైన్యం, పోలీసులు వాడే తూటా పౌరుల ఇళ్లలో ఉండకూడదన్నది దీని వెనకున్న ఆలోచన. ఒక ఠాణా ఆయుధాగారం నుంచి పక్కదారి పట్టిన తూటాకు బయట సరిపోయే తుపాకి లేకపోతే ఆ దొంగతనానికే అర్థం ఉండదు. మన సైన్యం, పోలీసులు దశాబ్దాలుగా పట్టుకు తిరిగిన, ఇషాపూర్‌లో తయారయ్యే 9 ఎంఎం 1ఏ పిస్టల్ వాడేది మీ అబ్బాయి డాలస్‌లో కొనదలచుకున్న ఆ తూటానే. నిషేధిత బోరుకు లైసెన్సు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది, అది మీకూ నాకూ మామూలుగా అందేది కాదు. లైసెన్సు లేకుండా అలాంటి ఆయుధం దగ్గర పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, పద్నాలుగేళ్ల దాకా పోవచ్చు. ముప్పై నాలుగేళ్లు సర్వీసు చేసి పింఛను లెక్క చూసుకునే వయసులో ఆ పెద్దమనిషి ఇంటి గుమ్మం కూడా తొక్కకండి.

.40 పేరు ఆ జాబితాలో కనబడదు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు, నిజమే. కాని మామూలు లైసెన్సుదారు విదేశీ పిస్టల్ తెప్పించుకునే దారి ఎప్పుడో మూసుకుపోయింది. ఎప్పుడో లోపలికి వచ్చినవి చేతులు మారుతూ లక్షల్లో పలుకుతుంటాయి, తీరా కొన్నాక దానికి తూటా దొరకదు. తూటా దొరకని పిస్టల్ పేపర్ వెయిటుతో సమానం, అదీ ఖరీదైన పేపర్ వెయిటు. కాబట్టి విశాఖలో మీ ప్రశ్నకు జవాబు ఒక్కటే, .32 ఏసీపీ. గత్యంతరం లేక ఈ మాట చెబుతున్నానని అనుకోకండి. మీ చేతికీ, మీ వయసుకీ అదెలా సరిపోతుందో తర్వాత వివరిస్తాను. దానికి ముందు మీ అబ్బాయి తగువు తీర్చాలి, ఎందుకంటే మీకు డాలస్‌లో ఆ మూడు పిస్టళ్లు చేతిలో వేరువేరుగా అనిపించడానికి కారణం ఆ తగువులోనే ఉంది.

ఇంటర్మీడియట్‌లో చదువుకున్న ద్రవ్యవేగం (బరువును వేగంతో గుణిస్తే వచ్చేది) ఇక్కడ అక్కరకొస్తుంది. 9 ఎంఎంలో మామూలుగా వాడే గుండు (తూటాలోంచి బయటకు దూసుకెళ్లే ముక్క) బరువు 124 గ్రెయిన్లు, అంటే 8 గ్రాములు. అది సెకనుకు సుమారు 350 మీటర్ల వేగంతో వెళుతుంది. .45 గుండు 230 గ్రెయిన్లు, దాదాపు 15 గ్రాములు. వేగం 255 మీటర్ల దగ్గర ఉంటుంది. శక్తి లెక్క కడితే రెండూ 480, 490 జౌళ్ల దగ్గరే తేలతాయి. చెప్పుకోదగ్గ తేడాయే లేదు. ద్రవ్యవేగం లెక్క కడితే మాత్రం 9 ఎంఎంకు 2.8 వస్తే .45కు 3.8 వస్తుంది, మూడో వంతుకు పైగా ఎక్కువ. తుపాకి వెనక్కి తన్నేది ఈ రెండో లెక్క ప్రకారం. 180 గ్రెయిన్ల .40 గుండు సుమారు 300 మీటర్ల వేగంతో 3.5 దగ్గర ఆగుతుంది, అంటే కాగితం మీద .45 కంటే తక్కువే తన్నాలి. అయినా చాలామంది చేతికి .40యే విసురుగా తగులుతుంది. మీకూ అలాగే అనిపించి ఉంటుందని నా ఊహ. .45 గొట్టంలో పుట్టే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు, .40లో అది 35,000. మొదటిది అరచేతిని నెడుతుంది, రెండోది చరుస్తుంది.

.45 మీద అమెరికా వారికున్న మమకారానికి ఒక చరిత్ర ఉంది. ఫిలిప్పీన్స్ యుద్ధంలో తమ .38 రివాల్వర్లు ఎదురుగా దూసుకొచ్చే మనిషిని ఆపలేకపోయాయన్న ఫిర్యాదుతో 1904లో థాంప్సన్, లగార్డ్ అనే ఇద్దరు సైనికాధికారులు పరీక్షలు జరిపి, .45కు తగ్గిన గుండు పనికిరాదని తేల్చారు. తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ చేసిన .45 తూటా, ఆయనే చేసిన పిస్టల్ 1911లో సైన్యంలోకి వచ్చి 1985 దాకా నిలిచాయి. ఒక తరం సైనికుల చేతిలో రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన తూటా కాబట్టి దాన్ని కాదంటే స్నేహాలు చెడతాయి. .40 పుట్టుక వేరే కథ. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ వారికీ ఇద్దరు బ్యాంకు దొంగలకూ జరిగిన కాల్పుల్లో ఒక దొంగకు తగిలిన 9 ఎంఎం గుండు గుండెకు చేరకుండా ముందే ఆగిపోయింది. అతను అప్పటికప్పుడు పడిపోలేదు, ఆ పోరాటంలో ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు. నెపం తూటా మీద పడింది. ముందు 10 ఎంఎం వైపు చూశారు, అది మరీ తన్నుతోందని దాన్నే పొట్టి చేసి 1990లో .40 తెచ్చారు. పాతికేళ్లు తిరిగేసరికి ఎఫ్‌బీఐ మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది. ఈలోగా గుండ్ల తయారీ ఎంతో మెరుగుపడింది, పైగా తక్కువ తన్నే తూటాతో ఎక్కువమంది గురి తప్పకుండా కాలుస్తున్నారని వారే గమనించారు. అమెరికా సైన్యం కూడా 2017లో కొత్త పిస్టల్ ఎంచుకున్నప్పుడు 9 ఎంఎంను వదల్లేదు.

నా ఓటు మీ అబ్బాయికే. నిండు సైజు పిస్టల్‌లో ఆ ఓటుకు బలం ఇంకా ఎక్కువ. బరువైన చట్రం, పదకొండు పన్నెండు సెంటీమీటర్ల బ్యారెల్ కలిసి 9 ఎంఎం తన్నును దాదాపు మింగేస్తాయి, మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల పెట్టెలో) తూటాలూ ఎక్కువ పడతాయి. గ్లాక్ కంపెనీ పిస్టళ్లనే తీసుకుంటే 9 ఎంఎం మోడల్‌లో పదిహేడు, .40లో పదిహేను, .45లో పదమూడు, పాత పద్ధతి.45లో అయితే ఏడే. తూటా చవక కూడా. చవక అన్నమాటను చిన్నచూపు చూడకండి. చేయి కుదరడమన్నది ఎన్ని డబ్బాలు కాల్చామన్నదాన్ని బట్టి వస్తుంది, పెట్టెలో ఏ తూటా దాచామన్నదాన్ని బట్టి రాదు. అక్కడి ఇంట్లో ఇప్పటికే .40 ఉండి దాని పక్కనే 9 ఎంఎం చేరుతుందంటే మాత్రం రెండు డబ్బాలూ ఒకే అరలో పెట్టవద్దని చెప్పండి. 9 ఎంఎం తూటా .40 బ్యారెల్‌లోకి వదులుగా దూరిపోతుంది, కొన్నిసార్లు పేలుతుంది కూడా. అప్పుడు ఇత్తడి గొట్టం చీలి ముఖానికీ చేతికీ ముప్పు తెస్తుంది.

దీనికంటే ముందు మీ అబ్బాయిని అడగాల్సిన మాట ఒకటుంది, అది తూటా గురించి కాదు, వీసా గురించి. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం హెచ్1బీ వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపుల కిందకు వస్తే తప్ప, తుపాకిని గాని తూటాను గాని దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డు లేదు. నొచ్చుకోకుండా వినండి, విజిటర్ వీసా మీద వెళ్లిన మీరు రేంజిలో మూడు పిస్టళ్లు చేతబట్టడం కూడా ఈ నిబంధన కిందకే వస్తుంది. మన తల్లిదండ్రులు ఎందరో సరదాగా చేసే పనే ఇది, ఫొటోలు కూడా పెడుతుంటారు. ఈసారి వెళ్లినప్పుడు అక్కడి న్యాయవాదిని అడిగాకే ఆ రేంజి గుమ్మం ఎక్కండి.

ఇప్పుడు మీ .32. దీన్నీ బ్రౌనింగే తయారు చేశాడు, .45కు కొన్నేళ్ల ముందు, 1899లో. గుండు 71 గ్రెయిన్లు, అంటే 4.6 గ్రాములు, వేగం సుమారు 275 మీటర్లు. శక్తి 175 జౌళ్ల దగ్గర, 9 ఎంఎంతో పోలిస్తే మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఈ అంకెను నేను దాచను, దుకాణదారు చెప్పకపోవచ్చు. ద్రవ్యవేగం 1.3 కంటే తక్కువే, 9 ఎంఎంలో సగం లేదు. మీరు డాలస్‌లో ఇష్టపడిన ఆ నిలకడకు రెండు కారణాలున్నాయి, ఒకటి పిస్టల్ బరువు, రెండోది అరచేయి మొత్తం ఆనే పిడి. అవే బరువు, అదే పిడి .32లో దొరికితే తన్ను సగానికి పైగా తగ్గుతుంది. రెండో గుండు వేసేలోగా పిస్టల్ కొసనున్న గురి బొడిపె మళ్లీ కళ్ల ముందు నిలిచే ఉంటుంది. అరవై మూడేళ్ల మణికట్టుకు ఇది చిన్న విషయం కాదు. జేబులో పట్టే చిన్న .32 పిస్టళ్లతో ఎవరైనా విసిగితే అది తూటా వల్ల కాకపోవచ్చు, వాటి రెండు వేళ్ల పిడి వల్ల కావచ్చు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ .32 పిస్టల్ 'అశని' ఆ చిన్న కొలతలకు దగ్గరిది. ఇటీవల ప్రైవేటు కంపెనీలు ఇదే తూటాకు పెద్ద చట్రంతో, ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్‌తో పిస్టళ్లు తెస్తున్నాయి. మీరు చూడాల్సింది వాటిని.

షాపులో చూసేటప్పుడు మెరుగు, రంగు చూడకండి. ఖాళీ పిస్టల్ అడిగి, ఖాళీయేనని మీ కళ్లతో మీరు చూసుకుని, నేల వైపు పెట్టి స్లైడ్‌ను, అంటే పైన ముందువెనకలకు జరిగే లోహపు భాగాన్ని, పదిసార్లు వెనక్కి లాగి వదలండి. ఇక్కడ చాలామంది ఊహించని సంగతి ఒకటుంది. 9 ఎంఎం, .45 పిస్టళ్లలో కాల్చిన క్షణంలో బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి గొళ్లెం పడి ఉండి, ఒత్తిడి తగ్గాకే విడిపోతాయి, కాబట్టి వాటి స్ప్రింగు మరీ బిగువుగా ఉండనక్కర్లేదు. .32లో ఎక్కువ పిస్టళ్లకు ఆ గొళ్లెం ఉండదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువు మాత్రమే దాన్ని ఆపి ఉంచుతాయి. అందుకే చిన్న తూటా పిస్టల్ స్లైడ్ పెద్ద తూటా పిస్టల్ కంటే లాగడానికి గట్టిగా ఉంటే ఆశ్చర్యపడకండి. పెద్ద చట్రంలో స్లైడ్ బరువు పెరుగుతుంది కాబట్టి స్ప్రింగును కాస్త మెత్తగా పెట్టే వీలుంటుంది. ఆ వీలును తయారీదారు వాడుకున్నాడో లేదో పదోసారి లాగినప్పుడు మీ వేళ్లే చెబుతాయి. ఎనిమిదోసారికే బొటనవేలు జారిపోతే ఆ పిస్టల్ మీది కాదు. అలాగే మ్యాగజైన్ ఇచ్చి నింపి చూపించమనండి, తర్వాత మీరూ నింపండి.

నింపేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది కూడా ఆ గోటికి తగిలీ తగలని అంచు గురించే. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకబడిందంటే, స్లైడ్ పైదాన్ని ముందుకు తోసినప్పుడు రెండూ ఒకదానికొకటి పెనవేసుకుని ఇరుక్కుంటాయి. పైది ఎప్పుడూ కిందిదాని అంచుకు ముందు కూర్చోవాలి. నింపాక మ్యాగజైన్ వీపును అరచేతి మీద ఒకసారి తట్టి, పక్క చిల్లుల్లోంచి చూసుకోండి. ముక్కు బోలుగా ఉండే గుండ్లు పొడవులో కొంచెం పొట్టి కావడంతో మ్యాగజైన్‌లో ముందు వెనకలకు జరిగే చోటు ఎక్కువై ఈ ఇరుకు ఎక్కువవుతుంది. అవి కావాలని ఎవరైనా ఊరిస్తే అక్కర్లేదనండి, గుండ్రటి ముక్కు రాగి తొడుగు గుండే .32కు నమ్మకమైనది.

మనది సముద్రపు ఊరు కాబట్టి ఇంకొక మాట. లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో కిటికీ గ్రిల్లుకు ఏడాదికోసారి రంగు వేయించుకునేవారికి ఉప్పుగాలి గురించి నేను చెప్పనక్కర్లేదు. కూర్మన్నపాలెం కొంచెం లోపలికున్నా తేమ తేమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా బంధువు ఒకాయన ఇంట్లో కరెంటు లేక, కిటికీ అద్దాలు పోయి, బీరువాతో సహా గదంతా రోజుల తరబడి తడిసి ఉంది. ఆయన తూటాలు తోలు బెల్టు జేబుల్లో ఉండేవి. నెల తర్వాత తీసి చూస్తే తోలు ఆనిన చోటల్లా ఇత్తడి మీద పచ్చటి చిలుము, ఆకుకూర కడిగిన నీళ్ల రంగులో, పొరలు కట్టింది. తుఫాను ఒక్కదానిదే తప్పు కాదు. తోలు పదును పెట్టే రసాయనాలకు ఇత్తడితో ఎప్పుడూ పొసగదు, తేమ దాన్ని వేగిరపరిచిందంతే. తూటాలు వాటి అట్టపెట్టెలోనే ఉంచి, ఆ పెట్టెను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, పిస్టల్‌కు వేరుగా తాళం వేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, బయటకు తీయగానే చెమటలు పడుతుంది. చిలుము పట్టిన తూటాను తుడిచి వాడేద్దామనుకోకుండా అమ్మిన దుకాణానికే అప్పగించండి. రేంజిలో ఎప్పుడైనా 'ఢాం' అనాల్సింది 'టప్' అని ఊరుకుంటే, గురి అటే ఉంచి ఆగిపోయి, మ్యాగజైన్ తీసేసి, బ్యారెల్‌లో గుండు ఇరుక్కుందేమో చూసేదాకా రెండోది కాల్చవద్దు. ఇరుక్కున్న గుండు వెనక ఇంకో గుండు వెళ్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా.

కాగితాల వరస చెబుతాను. 2019 సవరణ ఒకరి పేర రెండు తుపాకులే ఉండనిస్తుంది, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. నాన్నగారి 12 బోరుతో మీకు రెండూ నిండిపోయాయి కాబట్టి రివాల్వర్ పోతేనే పిస్టల్‌కు చోటు. అమ్మేముందు లైసెన్సు అధికారికి గాని మీ పోలీసు స్టేషనుకు గాని రాతపూర్వకంగా తెలియజేసి 45 రోజులు ఆగాలి. మీ లైసెన్సులో 'రివాల్వర్/పిస్టల్' అని కలిపి ఉందో, ఒక్క 'రివాల్వర్' అనే ఉందో ఈరోజే తీసి చూసుకోండి. రెండోదైతే ముందు అది మార్పించుకోవాలి. ఒకేసారి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో కూడా అందులోనే ఉంటుంది. ఇంకొకటి మీ జీడితోట గురించి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. లైసెన్సు చెల్లుబాటు ప్రాంతంగా విశాఖపట్నం జిల్లా అని మాత్రమే రాసి ఉంటే, మీ తోటకు మీరే పట్టుకెళ్లడానికి వీలుండకపోవచ్చు; రెన్యువల్ దాకా ఆగకుండా ఇప్పుడే అడిగి సరిచేయించుకోండి. తోటలో అడవిపందులకు ఈ పిస్టల్ పనికొస్తుందా అని మీరు అడగనందుకు సంతోషం, పనికిరాదు, చట్టమూ ఒప్పుకోదు.

మీరు గురి మీద నిజంగా మనసుపడితే .22ను మర్చిపోవద్దు. రైఫిల్ క్లబ్బులో సభ్యత్వం తీసుకుని, అక్కడి .22 పిస్టల్‌తో పాతిక మీటర్ల దూరం సాధన చేసిన చేయి .32 మీదకు వచ్చాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. ఒలింపిక్స్‌లో పాతిక మీటర్ల పిస్టల్ పోటీలు ఆ తూటాతోనే జరుగుతాయి. .32 తూటాలు లెక్క ప్రకారం కొనుక్కోవాల్సిన మనకు, సాధన .22 మీద, సొంత పిస్టల్‌తో పరిచయానికి అప్పుడప్పుడు .32 మీద అన్న పద్ధతే సాగుతుంది.

మీ అబ్బాయి సంక్రాంతికి వస్తున్నాడా? బయలుదేరే ముందు రేంజికి తీసుకెళ్లే సంచినీ, ఇంటికి తెచ్చే సంచినీ ఒకటి చేయవద్దని చెప్పండి. 9 ఎంఎం తూటా పొడవు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు, సంచి అడుగు కుట్టులోకి సులువుగా జారిపోతుంది, అది ఇక్కడి విమానాశ్రయం స్కానర్‌లో కనబడితే కేసు ఆయుధ చట్టం కిందే నమోదవుతుంది, అదీ నిషేధిత బోరు తూటాగా. సంచి తలకిందులు చేసి దులిపి, జేబులన్నీ తిరగేసి, బూట్లలో కూడా చెయ్యి పెట్టి చూసుకుని విమానమెక్కమనండి.